కొట్టి నేర్పే ట్రైనర్ చేతిలోంచి గొలుసు వెనక్కి తీసుకోవడం ఎలా?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కుక్కకు శిక్షణ ఇప్పించాలంటే మామూలుగా రెండు దారులుంటాయి. ట్రైనర్ తెల్లారి ఇంటికొచ్చి అరగంటో గంటో నేర్పి వెళ్తాడు. లేదంటే కుక్కను నెలా నెలన్నర ఆయన దగ్గరే వదిలిపెట్టి, తయారయ్యాక తెచ్చుకుంటాం. రెండింటిలోనూ మనం అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుని చూస్తుంటాం, గొలుసు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. కుక్క కుయ్యోమంటే మనసు చివుక్కుమన్నా, 'ఆయనకు తెలుసులే' అని ఊరుకుంటాం.

మన దేశంలో డాగ్ ట్రైనర్‌గా పనిచేయడానికి తప్పనిసరి ప్రభుత్వ లైసెన్సంటూ ఏదీ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. మంచి ట్రైనర్లు లేరని కాదు, ఓపికతో ముద్దుగా నేర్పేవాళ్ళు ఉన్నారు. కానీ ఎవరు ఏ రకమో తేల్చుకోవాల్సిన పని మీ మీదే పడుతుంది. అందుకు కావలసినవన్నీ ఇక్కడ చెబుతున్నాం. గుర్తుపట్టడం, ముందే అడగడం, మధ్యలో ఆపడం, దెబ్బతిన్న కుక్కను మళ్ళీ దారికి తేవడం, ఫిర్యాదు చేయడం, అన్నీ ఉన్నాయి.

ఆయన సంచిలో ఏముందో చూడండి

మొదట కనబడేది చోక్ చైన్. రెండు కొసల్లో రింగులున్న ఇనప గొలుసు. లాగితే బిగుస్తుంది, ఎంతవరకు బిగియాలో దానికి అడ్డు లేదు. తగిలించడానికి ఒక తీరుంది. కుక్క మీ ఎడమ పక్కన నడిచేట్టయితే, దాని ముఖానికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు గొలుసు ఇంగ్లీషు 'పీ' అక్షరంలా కనబడాలి. తిరగేసి తగిలిస్తే లాగడం ఆపినా గొలుసు వదులు కాదు. ఈ తేడా తెలియకుండా వాడేవాళ్ళూ ఉన్నారు. సరిగ్గా తగిలించినా ఒత్తిడి పడేది మాత్రం గొంతు గొట్టం మీద, థైరాయిడ్ గ్రంథి మీద, మెడ నరాల మీదే. కళ్ళలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. పొమెరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో గొంతు గొట్టం అసలే మెత్తగా ఉంటుంది. నాలుగు జెర్కులకే బాతు అరుపు లాంటి పొడిదగ్గు మొదలు కావచ్చు, ఆ దగ్గు ఒక్కోసారి జన్మంతా వదలదు. ముక్కు చదునుగా ఉండే పగ్ జాతి కుక్కలకు పుట్టుకతోనే ఊపిరి ఇబ్బంది కాబట్టి వాటి మెడకు ఏ బిగింపూ పనికిరాదు.

రెండోది ముళ్ళ పట్టీ, ప్రాంగ్ కాలర్ అంటారు. 'పశువుకి ముకుతాడు ఎట్టనో దీనికి ఇది అట్ట, నొప్పేం ఉండదు సార్' అంటారు. నొప్పి లేకపోతే కుక్క లాగడం ఎందుకు మానుతుంది? అది పనిచేసేదే నొప్పి వల్ల. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మీ కుక్క ఎదురుగా వచ్చే ఇంకో కుక్కను చూసి సంబరంగా ముందుకురుకుతుంది, అదే క్షణంలో మెడకు గుచ్చుకుంటుంది. తను లాగినందుకు గుచ్చుకుందని కుక్క అనుకోదు, ఆ ఎదుటి కుక్క కనబడినందుకు నొప్పి వచ్చిందనుకుంటుంది. పది రోజులు ఇలా జరిగితే, నిన్నటిదాకా ఆడుకోవడానికి లాగిన కుక్క ఇవాళ మీద పడి కరవడానికి లాగుతుంది.

మూడోది కరెంటు పట్టీ. రిమోట్ నొక్కితే మెడ దగ్గరున్న రెండు ఇనప మొనల గుండా షాక్ కొడుతుంది. గంటల తరబడి ఉంచితే ఆ మొనలు ఆనిన చోట చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. మన కోస్తా ఉక్కపోతకు ఆ పుండు తొందరగా చీము పడుతుంది. వేల్స్ దేశంలో 2010 నుంచి ఈ షాక్ కాలర్లు నిషిద్ధం.

ఇక సామాను అక్కర్లేని పద్ధతులు. కుక్కను వెల్లకిలా పడేసి ఛాతీ మీద మోకాలు పెట్టి, 'నేనే ఆల్ఫా, అంటే గుంపుకు నాయకుణ్ణి అని చూపిస్తున్నా' అంటారు. ఈ ఆల్ఫా మాటకు మూలం 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బందీగా ఉన్న తోడేళ్ళను చూసి రాసిన పరిశీలన. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళను ఒకేచోట మూసి ఉంచితే అవి కొట్టుకున్నాయి. అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మానాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ళ మీద పరిశోధన చేసిన డేవిడ్ మెచ్ 1999లో వివరంగా రాశాడు. ఆల్ఫా మాటను బాగా వ్యాప్తిలోకి తెచ్చినవాళ్ళలో ఆయనే ఒకడు, తర్వాత ఆయనే దాన్ని వదిలేశాడు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో వెలువరించిన పరిశీలన ఇంకా సూటిగా ఉంటుంది. ప్రవర్తన సమస్యలతో వచ్చిన కుక్కల యజమానులను అడిగితే, కొట్టడం లేదా తన్నడం ప్రయత్నించినవాళ్ళలో 43 శాతం మందికీ, వెల్లకిలా పడేసినవాళ్ళలో 31 శాతం మందికీ కుక్క ఎదురుతిరిగిందని తేలింది.

'దండం దశగుణం భవేత్' అని పెద్దవాళ్ళూ అంటారు, ట్రైనర్లూ అంటారు. ఆ శ్లోకం మొత్తం చదివితే అందులో నేర్పడం అన్న మాటే లేదు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు, బురదలో, నీళ్ళలో, చీకట్లో, ముసలితనంలో చేతికర్ర అక్కరకొస్తుందని మాత్రమే ఉంది.

వీటిలో ఏది చూసినా అక్కడికక్కడే ఆపించాలి, మాటలు అనవసరం:
• ముందుకాళ్ళు నేలకు అందకుండా గొలుసుతో పైకి వేలాడదీయడం. ఊపిరాడక పెనుగులాడిన కుక్కకు కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. చిగుళ్ళు నీలంగా మారినా, పడుకుని ఉన్నా ఎగశ్వాస వస్తున్నా వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.
• తిండి మాన్పించడం, నీళ్ళు మాన్పించడం. చిన్న జాతి పిల్లలకు కొన్ని గంటలు కడుపు మాడితేనే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు.
• బైకు వెనక కట్టి పరుగెత్తించడం, ఎండలో కట్టేయడం. వేసవిలో ఉదయం 7 దాటాక, సాయంత్రం చీకటి పడకముందు శిక్షణ వద్దు. మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు. వడదెబ్బ తగిలితే మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి, ఫ్యాను కింద పెట్టి, అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
• భయపడేదాన్ని భయంలోకే నెట్టడం. టపాసులకు వణికే కుక్కను దీపావళి రాత్రి వీధిలో కట్టేయడం, జనమంటే బెదిరేదాన్ని రొట్టెల పండగ రద్దీలోకి ఈడ్చుకెళ్ళడం లాంటివి. కాసేపటికి అది కదలకుండా కూర్చుంటుంది. 'చూశారా, భయం పోయింది' అంటారు. పోలేదు. తప్పించుకునే దారి లేదని చేతులెత్తేసింది.

ఆ మౌనాన్ని నమ్మొద్దు

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. దెబ్బ కుక్కకు ఒక్కటే చెబుతుంది, ఇది చెయ్యకు అని. బదులుగా ఏం చెయ్యాలో చెప్పదు. అందుకే కొట్టి నేర్పిన కుక్క ట్రైనర్ ముందు బొమ్మలా ఉంటుంది, ఆయన గేటు దాటగానే పాత పని మొదలుపెడుతుంది.

కుక్క కరవడానికి ముందు చాలా మెట్లుంటాయి. ముఖం తిప్పుకుంటుంది, పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లభాగం నెలవంకలా కనబడుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది, అప్పుడు కరుస్తుంది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే ఆ ఒక్క మెట్టు ఊడిపోతుంది. లోపలి కోపం, భయం అలాగే ఉంటాయి. 'ఏమీ అనకుండా ఉన్నట్టుండి కరిచిందండీ' అనే కుక్కల్లో చాలావాటికి హెచ్చరించొద్దని మనుషులే నేర్పి ఉంటారు. ఇంట్లో పాకే పిల్లలుంటే ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

డబ్బులిచ్చే ముందు అడగాల్సినవి

ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని అడగండి. మూడు ప్రశ్నలు చాలు.

'నా కుక్క చెప్పినట్టు చేస్తే దానికి ఏమొస్తుంది?' చికెన్ ముక్క, బంతి, మెచ్చుకోలు అనే మాటలు రావాలి. 'తిండి పెడితే లంచం అలవాటవుతుంది, నన్ను చూస్తేనే చేస్తుంది' అంటే రెండో ఆలోచన చేయండి.

'చెయ్యకపోతే ఏం చేస్తారు?' ఇదే అసలు ప్రశ్న. తెలిసిన ట్రైనరయితే, 'పని కష్టమైందని అర్థం, దూరం పెంచుతాం, చిన్న ముక్కలుగా చేసి నేర్పుతాం' అంటాడు. 'కరెక్షన్ ఇస్తాం' అంటే ఆ కరెక్షన్ ఏమిటో చేసి చూపించమనండి, కుక్క మీద కాదు, మీ ముంజేతి మీద. మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే.

'మేం పక్కనే ఉండొచ్చా, వీడియో తీసుకోవచ్చా?' యజమాని ఉంటే కుక్క మాట వినదని చెప్పి గేటు మూసేవాళ్ళకు కుక్కను అప్పజెప్పొద్దు.

'పదిహేను రోజుల్లో గ్యారంటీ' అనే మాటకు పడిపోకండి. కుక్క ప్రవర్తనకు నిజాయతీగా గ్యారంటీ ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఇప్పటికే ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుక్కను ఒకసారి చూసిరండి. ట్రైనర్ అటువైపు నడిస్తే అది తోక ఊపుతూ వెళ్తోందా, చెవులు వెనక్కి వాల్చి పొట్ట నేలకు ఆనించి ముడుచుకుంటోందా చూడండి. బ్రోచర్లకన్నా అదే నిజం చెబుతుంది.

ఒప్పుకున్నాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి 'సరే' అనిపించుకోండి. చోక్ చైన్, ముళ్ళ పట్టీ, షాక్ కాలర్ వాడకూడదు, కొట్టకూడదు, వేలాడదీయకూడదు, తిండీ నీళ్ళూ మాన్పించకూడదు, నేను ఆపమంటే ఆపాలి, ఆపితే మిగిలిన క్లాసుల డబ్బు తిరిగివ్వాలి. ఈ నాలుగు ముక్కలే తర్వాత మీకు ఆధారం. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి, నాలుగు క్లాసులకు ఇచ్చి చూడండి.

క్లాసు మధ్యలో ఆపడం

చాలామందికి ఇక్కడే నోరు రాదు. పెద్దమనిషి, వయసులో పెద్దవాడు, పక్కింటివాళ్ళు పరిచయం చేశారు, ఎలా అనాలి? వాదించొద్దు, పద్ధతుల గురించి చర్చ పెట్టొద్దు. లేచి వెళ్ళి చెయ్యి చాపండి. 'అన్నా, ఇవాళ్టికి చాలు. గొలుసు ఇట్టియ్యి.' అంతే. ఆయన 'మీరే గారాబం చేసి చెడగొడుతున్నారు' అంటే, 'అట్టనే కానీ, గొలుసు ముందియ్యి' అని అదే మాట మళ్ళీ అనండి.

గొలుసు చేతికొచ్చాక కుక్కను వెంటనే ముద్దు చేయడానికి వంగొద్దు, మీద చెయ్యి వేయొద్దు. దెబ్బతిన్న క్షణంలో అది మిమ్మల్ని కూడా కరవొచ్చు, అది దాని తప్పు కాదు. గొలుసు వదులుగా పట్టుకుని, పక్కకు తిరిగి, పది పదిహేను అడుగులు దూరంగా నడవండి. నీళ్ళ గిన్నె దగ్గర పెట్టండి. ఎవరినైనా పళ్ళు దిగేలా కరిచివుంటే గాయాన్ని సబ్బుతో, కుళాయి నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, టీకా వేసిన కుక్కయినా సరే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి.

కుక్కను వదిలి వచ్చిన చోట అనుమానం వస్తే, ముందుగా చెప్పకుండా ఉదయం 11 గంటల ప్రాంతంలో వెళ్ళండి. ఆ వేళకు క్లాసులు అయిపోయి, మిగతా రోజంతా కుక్కలు ఎలా ఉంటాయో తెలుస్తుంది. నీడ ఉందా, నీళ్ళ గిన్నెలో నీళ్ళున్నాయా, గొలుసు ఎంత పొడుగు, ఇవి చూడండి. తీసుకొచ్చేస్తే అక్కడికక్కడే వీడియో తీస్తూ మెడ చుట్టూ వెంట్రుకలు విడదీసి, చెవుల లోపల, పాదాల అడుగున, పక్కటెముకల మీద చూడండి. అదే రోజు డాక్టరు దగ్గర తూకం వేయించండి. వదిలినప్పటి బరువు మీ దగ్గర రాసి ఉంటే (వదిలే రోజే రాసుకోవాలి) తేడా కాగితం మీద కనబడుతుంది.

డాక్టరును ఇంకొకటి అడగండి. అసలు ట్రైనర్‌ను పిలవాల్సి వచ్చిన సమస్యకు కారణం నొప్పేమో చూడమనండి. చెవిలో చీము, తుంటి కీలు నొప్పి, పిడుదుల వల్ల మన వైపు తరచూ వచ్చే టిక్ ఫీవర్, ఇవేవీ పైకి కనబడవు. తాకితే గుర్రుమనే కుక్కకు ఒక్కోసారి కావలసింది శిక్షణ కాదు, మందు. ప్రవర్తన సమస్య ముదిరితే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్ళడం మంచిది.

మళ్ళీ మొదటి నుంచి

మొదటి రెండు వారాలు ఏ ఆజ్ఞా వద్దు. కూర్చో, పడుకో అనే మాటలు కూడా వద్దు, ఆ మాటలకే దెబ్బల జ్ఞాపకం అంటుకుని ఉంటుంది. వేళకు తిండి, నిద్ర, మనుషుల్లేని వేళ వాసనలు చూసుకుంటూ నడక. మైపాడు, కొత్తపట్నం తీరాలు తెల్లారి అయిదున్నరకు ఇందుకు బాగుంటాయి. 5 మీటర్ల పొడుగు తాడు, ఛాతీకి తగిలించే హార్నెస్ చాలు. తాడు మెడ పట్టీకి కాదు, హార్నెస్‌కే కట్టాలి.

ముక్కలు సిద్ధం చేసుకోండి. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన ఎముకలేని చికెన్ 100 గ్రాములు తీసుకుని శనగగింజంత ముక్కలు కోస్తే వందకు పైనే వస్తాయి. శాకాహార ఇళ్ళలో పనీర్ బాగా పనిచేస్తుంది. రోజు తిండిలో ఈ ముక్కల వాటా పదో వంతు మించకూడదు. 25 కిలోల ల్యాబ్రడార్‌కు అందులో 75 గ్రాములు సరిపోతాయి, 4 కిలోల పొమెరేనియన్‌కు 15 గ్రాములు చాలు.

ముందు పట్టీ భయం పోగొట్టాలి. పట్టీ చూపించండి, ముక్క ఇవ్వండి, పట్టీ దాచేయండి. పదిసార్లు. పట్టీ కనబడగానే మీ చేతి వైపు ఆశగా చూస్తే తర్వాతి మెట్టు. పట్టీ దాని భుజానికి తాకిస్తూ ముక్క. ఆ తర్వాత మెడ మీద ఒక క్షణం ఆనించి ముక్క. చివరగా బకిల్ పెట్టి, ముక్క ఇచ్చి, తీసేయడం. పదిలో ఎనిమిదిసార్లు బెదరకుండా ఉంటేనే ముందుకెళ్ళాలి, మూడుసార్లు వరుసగా వెనక్కి తగ్గితే ఒక మెట్టు దిగాలి. కొన్ని కుక్కలకు ఇది రెండు రోజుల పని, కొన్నింటికి నెల. తొందరపెడితే మొదటికొస్తుంది.

లాగకుండా నడవడం మేడ మీదో, ఇంటి వరండాలోనో మొదలుపెట్టండి, రోడ్డు మీద కాదు. 2 మీటర్ల తాడు, ఛాతీ ముందు రింగు ఉన్న హార్నెస్. ముక్క ఎప్పుడూ మీ ఎడమ మోకాలి పక్కనే ఇవ్వాలి. చెయ్యి ముందుకు చాచి ఇస్తే కుక్క అడ్డంగా వస్తుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. ఒక అడుగు, ముక్క. మళ్ళీ ఒక అడుగు, ముక్క. తర్వాత రెండడుగులకు, మూడడుగులకు, అయిదడుగులకు. తాడు బిగిస్తే చెట్టులా ఆగిపోండి. వెనక్కి గుంజొద్దు, అరవొద్దు. అది తిరిగి చూసి తాడు వదులైన క్షణంలో 'భలే' అని కదలండి. ఒక్కో పాఠం 5 నిమిషాలు, రోజుకు మూడు. బజారు చూపించేది రెండు మూడు వారాల తర్వాతే.

గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కతో గిన్నె లాక్కునే పని పెట్టుకోవద్దు. అది గుర్రుమనని దూరం ఎంతో చూడండి, 2 మీటర్లనుకుందాం. అక్కడ నిలబడి గిన్నెలోకి చికెన్ ముక్క విసిరి వెనక్కి వెళ్ళిపోండి. పూటకు మూడుసార్లు. మూడు రోజులకొకసారి అర అడుగు దగ్గరకు జరగండి. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుందని దానికి తెలియాలి. ఈ సాధన పెద్దవాళ్ళే చేయాలి. అది పూర్తయ్యేదాకా పిల్లలను ఆ గదిలోకి రానివ్వొద్దు.

కరిచే కుక్కకు మూతి బుట్ట పెట్టడం క్రూరత్వం కాదు. లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి, అలాంటి బుట్ట రకమే కొనండి. నోరు కట్టేసే గుడ్డ రకం మన ఎండలకు ప్రాణం తీస్తుంది. పట్టీ లాగానే ముక్కలతో మెల్లగా అలవాటు చేయాలి.

ఫిర్యాదు చేయాలనుకుంటే

జంతుహింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం కొట్టడం, తన్నడం, హింసించడం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకె చూసి మనసు మండుతుంది. అయినా రికార్డు పడుతుంది, మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే మూడు నెలల వరకు జైలు ఉండొచ్చు. ఈ చట్టం కింద కేసు ఘటన జరిగిన మూడు నెలల్లోపే మొదలవ్వాలి, ఇది మరిచిపోవద్దు. కుక్క చనిపోయినా, అవిటిదైనా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందకు వస్తుంది. అందులో అయిదేళ్ళ వరకు శిక్ష ఉంది, పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. మామూలుగా కొట్టిన కేసులో స్టేషన్లో 'మేజిస్ట్రేట్ అనుమతి కావాలి' అంటే అది సాకు కాదు, చట్టం అలాగే ఉంది. ఫిర్యాదును మాత్రం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ జిల్లా జంతుహింస నివారణ సంఘానికి, ఒకటి భారత జంతు సంక్షేమ మండలికి పంపండి. హింస కళ్ళముందే జరుగుతుంటే 112.

డబ్బు కోసమైతే దారి వేరు. శిక్షణ ఒక సేవ కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయలు దాటకపోతే కమిషన్‌కు ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఎక్కడికి వెళ్ళినా చేతిలో ఉండాల్సినవి ఇవి: తేదీ కనబడే వీడియో, గాయాల ఫొటోలు (పక్కన అయిదు రూపాయల బిళ్ళ పెట్టి తీస్తే గాయం సైజు తెలుస్తుంది), డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్, డబ్బు పంపిన ఫోన్ రసీదు, ఆ వాట్సాప్ ఒప్పందం. డాక్టరుతో 'గాయం ఉంది' అని కాకుండా, ఎక్కడ, ఎంత పొడవు, ఎన్ని రోజుల క్రితంది, దేనివల్ల కావచ్చు అని రాయించండి. గాయం మానకముందే, వీలైతే 24 గంటల్లోపే వెళ్ళండి. మెడ మీద బొచ్చు దట్టంగా ఉంటే ఆ చోట కత్తిరించి ఫొటో తీయమని డాక్టరునే అడగండి.